కొత్త ఇంట్లో ఏసీల బిగింపు సరిగా చేయలేదు, డీలర్ కంపెనీ మీద, కంపెనీ డీలర్ మీద చెబుతున్నారు – చట్టప్రకారం ఏం చేయొచ్చు?

వేదాయపాళెం కొత్తిల్లు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. వేదాయపాళెంలో కిందా పైనా ఇల్లు కట్టుకున్నాం. హాలుకీ డైనింగ్‌కీ కలిపి ఒక డక్టబుల్ యూనిట్ (సీలింగ్ లోపల ఉండి డక్టుల ద్వారా చల్లగాలి పంపే ఏసీ), మూడు బెడ్‌రూముల్లో స్ప్లిట్ ఏసీలు పెట్టించాం. ఊళ్ళోనే డీలర్ దగ్గర సరుకూ బిగింపూ కలిపి 4,80,000కి మాట్లాడుకున్నాం. 4,20,000 ఇచ్చేశాం. గృహప్రవేశానికి ముందు మాఘమాసంలో బిగించారు కాబట్టి అప్పుడు ఏమీ తెలియలేదు. ఎండలు ముదిరాక అసలు సంగతి బయటపడింది.

హాల్లో 18 పెట్టినా చెమటలే. రెండు బెడ్‌రూముల్లో గ్యాస్ పోయిందన్నారు, నింపారు, మళ్ళీ పోయింది. డక్టబుల్ యూనిట్ నీళ్ళు ఫాల్స్ సీలింగ్ మీద చేరి ఒక మూల ఊడి టీవీ యూనిట్ మీద పడింది. ఈ రోహిణి కార్తెలో సొంతిల్లు పెట్టుకుని పిల్లల్ని తీసుకుని అమ్మావాళ్ళింట్లో పడుకుంటున్నాం.

డీలర్ని అడిగితే "మెషీన్‌లో ఫాల్ట్, కంపెనీని అడగండి" అంటాడు. కంపెనీ టెక్నీషియన్ వచ్చి చూసి "మెషీన్ బాగుంది, పైపింగ్ మా వాళ్ళు చేయలేదు, వారంటీలోకి రాదు" అని రాసి వెళ్ళాడు. పైగా మిగిలిన 60,000 ఇవ్వకపోతే అవుట్‌డోర్ యూనిట్లు ఊడదీసుకుపోతామని డీలర్ మనిషి ఫోన్లో బెదిరించాడు. నాకు టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదు. ఎవరి మీద, ఎక్కడ, ఎలా వెళ్ళాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

కావలి కుర్రోడు

పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ కేసు పెట్టండక్కా. తిక్క కుదురుతుంది.

రిటైర్డ్ ఏఈ (మాగుంట లేఅవుట్)

అమ్మా, ముందు కాగితాలేమున్నాయో చెప్పు. జీఎస్టీ బిల్లు ఉందా? ఏసీలకి ఒక బిల్లు, బిగింపుకి తెల్లకాగితం మీద ఎస్టిమేట్ చీటీ ఇచ్చారా? కొటేషన్‌లో పైపు మందం, ఎన్ని మీటర్లు, డ్రైన్, డక్టింగ్ వివరాలు రాశారా? కంపెనీ టెక్నీషియన్ రాసిచ్చిన జాబ్ షీట్ నీ దగ్గర ఉందా, లేక వాడే పట్టుకెళ్ళాడా? అది మాత్రం భద్రంగా పెట్టుకో. "పైపింగ్ లోపం" అని కంపెనీ మనిషే రాశాడంటే డీలర్ మీద నీకు సగం సాక్ష్యం దొరికినట్టే.

ఇంకో మాట. రిపేరు పూర్తయిందని ఫోనుకి ఓటీపీ వస్తుంది, టెక్నీషియన్లు దాన్ని హ్యాపీ కోడ్ అంటారు. పని కాకుండా ఆ కోడ్ చెప్పొద్దు. చెబితే వాళ్ళ రికార్డులో "కస్టమర్ సంతృప్తి చెందారు" అని పడిపోతుంది. తర్వాత కోర్టులో తెచ్చి చూపించేది ఆ కాగితమే.

వేదాయపాళెం కొత్తిల్లు

ఏఈ గారూ, మెషీన్లకి జీఎస్టీ బిల్లు ఉంది. డక్టింగ్, పైపింగ్, లేబర్‌కి చీటీయే ఇచ్చారు. దానికి డబ్బు మాత్రం ఫోన్‌పేలోనే వేశాను. జాబ్ షీట్ ఫొటో తీశాను. హ్యాపీ కోడ్ గ్యాస్ నింపినప్పుడు మా ఆయన చెప్పేశారు, ఆ తర్వాత ఇవ్వలేదు.

చల్లగాలి మెకానిక్ (ఒంగోలు)

ఏసీ పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. చట్టం సంగతి లాయర్లు చెబుతారు. లోపం ఎక్కడుందో పట్టుకోకపోతే మాత్రం ఏ లాయరూ ఏమీ చేయలేడు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా.

గ్యాస్ అనేది స్కూటర్లో పెట్రోలు లాగా వాడేకొద్దీ అయిపోయేది కాదు. సీలు చేసిన వలయంలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కొత్త మెషీన్‌లో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ నింపినవాడు పని చేసినట్టు కాదు. కొత్త స్ప్లిట్లలో లీకు ఎక్కువగా దొరికేది ఫ్లేర్ నట్ల దగ్గర, అంటే సైట్లో మనిషి చేత్తో చేసిన జాయింటు దగ్గర. నట్టు వదులైనా కారుతుంది, అతిగా బిగించి రాగి చీలినా కారుతుంది. ఇది బిగింపు లోపం. ఇండోర్ కాయిల్ మధ్యలో, ఫ్యాక్టరీలో వేసిన అతుకు (బ్రేజింగ్) దగ్గర కారితే తయారీ లోపం. సబ్బునీళ్ళు పట్టించినా, లీక్ డిటెక్టర్ పెట్టినా ఏ చోటో తేలిపోతుంది. ఆ చోటును వీడియో తీయాలి.

రెండోది, గ్యాస్ వదిలేముందు వాక్యూమ్ పంపు పెట్టి పైపులో గాలి, తేమ లాగేయాలి. పైపులో ప్రెషర్ 500 మైక్రాన్ల కిందకి దించి, గేజి పైకి రాకుండా నిలబడిందో లేదో చూడాలి. సీజన్లో రోజుకి ఎన్నో బిగింపులు చేసేవాళ్ళు పంపు తీయరు, మెషీన్‌లో గ్యాసే కాస్త వదిలి గాలి తోసేసి "అయిపోయింది సార్" అంటారు. తేమ లోపలే ఉండిపోతే కంప్రెసర్ ఆయిల్ పాడవుతుంది. మీ ఇంట్లో పంపు పెట్టారా లేదా గుర్తుందా అమ్మా? పంపు మోత మర్చిపోయేది కాదు.

డక్టబుల్‌లో నీళ్ళు కారడానికి నా అనుమానం డ్రైన్ ట్రాప్ మీద. ఆ యూనిట్‌లో ఫ్యాను కాయిల్ వైపు నుంచి గాలి లాగుతుంది, ట్రే దగ్గర గాలి లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది. డ్రైన్ పైపులో యూ ఆకారంలో ట్రాప్ పెట్టకపోతే బయటి గాలి అదే పైపులోంచి లోపలికి వచ్చి నీళ్ళని కిందికి దిగనివ్వదు. ట్రే నిండి సీలింగ్ మీద పడుతుంది. మిషన్ ఆపగానే నీళ్ళు బుడబుడమని దిగుతాయి. మీకూ అలాగే అవుతోందా? హాలు చల్లబడకపోవడానికి రిటర్న్ ఎయిర్‌కి (గదిలోంచి మళ్ళీ యూనిట్‌లోకి వెళ్ళే గాలికి) దారి చాలకపోవడం, ఫ్లెక్సిబుల్ డక్టు మడతలు పడటం కారణం కావచ్చు. ఇవన్నీ పనితనం తప్పులే. మెషీన్ తప్పు కాదు.

వేదాయపాళెం కొత్తిల్లు

అన్నా, సరిగ్గా అదే! ఆపగానే బాత్రూం వైపు పైపులోంచి ఒక్కసారిగా నీళ్ళొస్తాయి. పంపు మోత మాకెవరికీ గుర్తు లేదు. పైపులన్నీ గోడల్లోకి పోయి పుట్టీ, పెయింటు కూడా అయిపోయాయి.

చల్లగాలి మెకానిక్ (ఒంగోలు)

గోడలో పూడ్చేముందు నైట్రోజన్ కొట్టి ప్రెషర్ ఒక రోజు నిలబడిందో చూడాలి. ఆ రిపోర్టు అడగండి. లేదంటే ఆ "లేదు" అన్న మాటనే వాట్సాప్‌లో చెప్పించుకోండి.

ట్రంకు రోడ్డు సేల్స్

నేను షాపు వైపు మనిషిని, ఎవరి పేరూ చెప్పను. అన్నీ మా మీదే పడేస్తే ఎలా? చాలా ఇళ్ళల్లో ఇంటీరియర్ డిజైనర్ సీలింగ్ కిందికి రాకూడదని డ్రైన్‌కి వాలు కూడా ఇవ్వనివ్వడు. మేం పెట్టిన ట్రాప్‌ని వాళ్ళ కార్పెంటర్ కోసేసిన సంగతులున్నాయి. రిటర్న్ గ్రిల్లు అందంగా లేదని మూసేస్తారు. పై అంతస్తు హాలుకి రెండున్నర టన్నులు కావాలంటే "మా బావమరిది ఒకటిన్నర చాలన్నాడు" అంటారు. తర్వాత చల్లబడలేదని మా షట్టర్ ముందు గొడవ. మెకానిక్ చెప్పినది నిజమే, సీజన్లో కుర్రాళ్ళు పంపు తీయడం బద్దకిస్తారు, అదీ ఒప్పుకుంటాను.

వేదాయపాళెం కొత్తిల్లు

మా డిజైనర్, డీలర్ ఇద్దరూ కలిసి సైటుకొచ్చి కొలతలు తీసుకున్నారు. టన్నేజీ డీలరే చెప్పాడు, కొటేషన్‌లో ఉంది. గ్రిల్లు ఎవరూ మూయలేదు.

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

సేల్స్ మిత్రుడు తనకు తెలియకుండానే మంచి పాయింటు ఇచ్చారు. దానికి తర్వాత వస్తాను.

మేడమ్, మీకు సూటిగా ఉన్న దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. జనం ఇంకా కన్స్యూమర్ ఫోరం అనే అంటున్నారు, ఇప్పుడు దాని పేరు జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులో ఉంది, మా ఒంగోలులోనూ ఉంది. సరుకుకి, సేవకి మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. పాత చట్టంలో అడిగే పరిహారం కూడా కలిపి లెక్కేసేవారు, ఇప్పుడు చెల్లించిన ధర ఒక్కటే చూస్తారు. అది 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. మీరు కట్టినది 4,20,000, కాబట్టి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. లాయర్ తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు.

ఎవరి మీద వేయాలి? ముగ్గురి మీదా. డీలర్, కంపెనీ, డిజైనర్ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు కాబట్టి ఒకరిని వదిలేస్తే మిగతావాళ్ళు "అసలు దోషి ఇక్కడ లేడు" అంటారు. సేల్స్ మిత్రుడు ఇచ్చిన పాయింటు ఇదే. చట్టంలో "ప్రొడక్ట్ సెల్లర్" నిర్వచనం చదవండి. అమ్మినవాడే కాదు, బిగించినవాడూ, రిపేరు చేసినవాడూ, మెయింటెనెన్సు చూసేవాడూ అందులోకి వస్తారు. కాబట్టి "నేను బాక్సు అమ్మాను అంతే" అని డీలర్ తప్పుకోలేడు. ఇక్కడ బిగించింది కూడా అతని మనుషులే.

మీ నష్టాన్ని రెండు ముక్కలుగా చూడాలి. ఏసీలు పనిచేయకపోవడం, పైపింగ్ సరిగా లేకపోవడం ఒకటి. ఇది వస్తులోపం లేదా సేవాలోపం కింద. లోపం సరిచేయమని, వస్తువు మార్చమని, డబ్బు వడ్డీతో తిరిగిమ్మని 39వ సెక్షన్ కింద అడగొచ్చు. సీలింగ్, టీవీ యూనిట్ పాడవడం రెండోది. ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం 82వ సెక్షన్ నుంచి 87 వరకు ఉంది. అందులో ఆస్తి విషయంలో "హాని" అంటే ఆ వస్తువు కాకుండా వేరే ఆస్తికి జరిగిన నష్టం. ఏసీ పాడవడం అందులోకి రాదు, ఏసీ వల్ల సీలింగ్ ఊడటం వస్తుంది. చాలామంది రెండూ ఒకే పేరాలో కలిపేసి రాస్తారు, తర్వాత సీలింగ్ డబ్బు సంగతి ఎవరూ పట్టించుకోరు.

తెల్లచీటీ గురించి కూడా రాయండి. సరుకుకి గానీ సేవకి గానీ బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతోంది. ఫోన్‌పే రికార్డు ఉంది కాబట్టి డబ్బు ముట్టలేదని వాళ్ళు అనలేరు.

కావలి కుర్రోడు

మరి పోలీసు కేసు సార్?

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉంటేనే చీటింగ్, అంటే భారతీయ న్యాయ సంహిత 318. పని చెడగొట్టడం సేవాలోపం, నేరం కాదు. స్టేషన్‌లో "సివిల్ మ్యాటర్" అని పంపించేస్తారు, అది నిజం కూడా. పాత కంప్రెసర్ పెట్టి కొత్తదని బిల్లు వేస్తే అప్పుడు సంగతి వేరు.

అవుట్‌డోర్లు ఊడదీసుకుపోతామన్న బెదిరింపు మాత్రం తేలిగ్గా వదలొద్దు. సరుకు మీకు అమ్మేశారు, బిల్లు మీ పేరున ఉంది. బాకీ ఉందనుకుంటే వాళ్ళు కోర్టుకెళ్ళి వసూలు చేసుకోవాలి, గోడెక్కడానికి వీల్లేదు. వస్తే 112కి ఫోన్ చేయండి. 60,000 ఎందుకు ఆపారో మాత్రం రాతపూర్వకంగా చెప్పండి: "పని లోపాలు సరిచేయగానే ఇస్తాం" అని. ఊరికే ఆపినట్టు కనిపించకూడదు.

స్టోన్‌హౌస్‌పేట బాబాయ్

ఇవన్నీ పుస్తకంలో బాగుంటాయి. కన్స్యూమర్ కోర్టంటే వాయిదాల మీద వాయిదాలు. మా అన్న ఫ్రిజ్ కేసు వేసి ఎన్నాళ్ళు తిరిగాడో నాకు తెలుసు. అమ్మాయ్, 60,000 ఎలాగూ నీ దగ్గరే ఉందిగా. దాంతో ఇంకో మంచి మెకానిక్‌ని పెట్టి సరిచేయించుకో, పీడ వదులుతుంది.

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

బాబాయ్ గారు అన్నదాంట్లో సగం నిజం. ల్యాబ్ పరీక్ష లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష కావాల్సింది ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం. ఆచరణలో ఎక్కువే పడుతుంది, అది దాచాల్సిన పని లేదు. అయితే ఎదుటి పక్షం జవాబు వేయడానికి 30 రోజులు, మరీ కావాలంటే ఇంకో 15. ఆ 45 దాటితే తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాబట్టి మునుపటిలా సంవత్సరాల తరబడి కౌంటర్ వేయకుండా తిప్పించడం కుదరదు. తీర్పు వచ్చాక అమలు చేయకపోతే నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 25,000కి తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే చాలామంది డీలర్లు నోటీసు అందాక గానీ, మొదటి వాయిదాకి గానీ రాజీకొస్తారు. కమిషన్ కూడా ఇరుపక్షాల అంగీకారంతో మధ్యవర్తిత్వానికి పంపించొచ్చు.

ఇంకో మెకానిక్‌తో సరిచేయించుకునే ముందు మాత్రం ఆగండి. గోడ పగలగొట్టి పైపు మార్చేశాక "మేం చేసిన పని చూపించండి" అంటే ఏం చూపిస్తారు? ముందు సాక్ష్యం, తర్వాత రిపేరు.

రిటైర్డ్ ఏఈ (మాగుంట లేఅవుట్)

దీన్ని కాస్త విడమరుస్తాను, డిపార్టుమెంటులో ఎన్నో ఇన్‌స్పెక్షన్లు చేసినవాణ్ణి. డీలర్‌కి, కంపెనీకి, డిజైనర్‌కి తేదీ, సమయం రాసి ఈమెయిల్ పెట్టాలి: "ఫలానా రోజు ఒక స్వతంత్ర ఇంజినీరు మా ఇంటికి వచ్చి పరిశీలిస్తారు, మీరు కూడా రావచ్చు" అని. వస్తే మంచిదే, రాకపోతే ఇంకా మంచిది. ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ డిపార్టుమెంటులో గానీ, ఎవరికీ సంబంధం లేని ఏసీ కన్సల్టెంట్ దగ్గర గానీ అడగండి. రిపోర్టులో మాటలు తక్కువగా, కొలతలు ఎక్కువగా ఉండాలి. గ్రిల్లు దగ్గర గాలి ఉష్ణోగ్రత, రిటర్న్ దగ్గర ఉష్ణోగ్రత, రెండింటి తేడా, గ్యాస్ ప్రెషర్, కంప్రెసర్ కరెంటు ఆంపియర్లు, డ్రైన్ వాలు, ట్రాప్ ఉందా లేదా. మంచి మిషన్‌కి ఆ తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది. "సరిగా చల్లబడటం లేదు" అని రాస్తే అది ఒకరి అభిప్రాయం, "తేడా 4 డిగ్రీలు" అంటే రుజువు. కింద ఇంజినీరు అర్హతలు, సంతకం, తేదీ.

ఆ తర్వాత ఎండలకి ఆగలేక రిపేరు చేయించుకుంటే తప్పులేదు. తీసేసిన పైపు ముక్క, ఫ్లేర్ నట్టు అన్నీ ఒక డబ్బాలో వేసి దాచు. కొత్త మెకానిక్ బిల్లు జీఎస్టీతో తీసుకో.

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

ఏఈ గారు చెప్పింది బంగారం. కేసు వేశాక కూడా అడ్వొకేట్ కమిషనర్‌ని (కమిషన్ తరఫున వచ్చి చూసే లాయర్‌ని) పంపమని కమిషన్‌ని అడగొచ్చు. అతను ఇంజినీరుని తోడు తెచ్చుకుని చూసి రిపోర్టిస్తాడు, దాని బరువు వేరు. వాట్సాప్ చాట్లు, ఫోన్ రికార్డింగులు వేస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) కూడా జతచేయండి. పాత 65బీ అని టైపింగ్ సెంటర్లలో ఇంకా కొట్టేస్తున్నారు, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం. వినియోగదారుల కమిషన్‌లో అంత పట్టుబట్టరు గానీ అభ్యంతరానికి తావివ్వడం ఎందుకు?

కావలి కుర్రోడు

మాకు వేరే సమస్య. అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నాం. ఏసీలు మావే గానీ రాగిపైపులు, డ్రైన్ లైన్లు బిల్డరే గోడల్లో వేసిచ్చాడు. ఇప్పుడు ఒక గదిలో డ్రైన్ నీళ్ళు పక్క ఫ్లాటు గోడలో తేలుతున్నాయి. బిల్డర్ "ఏసీ మీది, నాకేం సంబంధం" అంటున్నాడు.

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

తమ్ముడూ, నీకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఉంది. 14(3) సెక్షన్: పొసెషన్ ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్ళ లోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ సౌకర్యాల్లో గానీ లోపం బయటపడి నువ్వు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. లేకపోతే పరిహారం. గోడలో వేసిన డ్రైన్ లైను పనితనమే. ప్రాజెక్టు రెరా పరిధిలోది అయ్యుండాలి: స్థలం 500 చదరపు మీటర్లు దాటి, ఎనిమిది కన్నా ఎక్కువ ఫ్లాట్లుంటే వస్తుంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలనుకున్నా రెరా అడ్డుకాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వాట్సాప్‌లో కాదు, స్పీడ్ పోస్టులో తెలియజేయి. ఆ 30 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చూపించాలి కదా.

చీమకుర్తి రాయి

ఏసీలకే పరిమితమా, వేడినీళ్ళ సంగతి అడగొచ్చా? మేడ మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించాం. మా బోరు నీళ్ళు బాగా కఠినం, గొట్టాల్లో తెల్లగా పొలుసు కట్టేసింది. అది చాలక ఒకరోజు ట్యాంకు లోపలికి నొక్కుకుపోయింది. అమ్మినవాడు "నీళ్ళు మీవి, మా తప్పేముంది" అంటున్నాడు.

చల్లగాలి మెకానిక్ (ఒంగోలు)

ట్యాంకు లోపలికి నొక్కుకుపోయిందంటే ఎయిర్ వెంట్ పైపు పెట్టలేదు, లేదా మూసుకుపోయింది. నీళ్ళు దిగేటప్పుడు లోపలికి గాలి రాకపోతే పీల్చుకుపోతుంది. నిలువుగా, పై ట్యాంకు నీటిమట్టం కన్నా ఎత్తులో ఒక పైపు తెరిచి ఉండాలి. ఫొటో తీసి పెట్టుకో.

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

పొలుసు సంగతి: అమ్మేటప్పుడు నీళ్ళు పరీక్ష చేయించమని గానీ, కఠిన నీళ్ళకి సాఫ్ట్‌నర్ కావాలని గానీ చెప్పాడా? రాసిచ్చాడా? సేవ ఇచ్చేవాడు వాడకంలో జాగ్రత్తలు, హెచ్చరికలు చెప్పకపోతే బాధ్యుడని 85వ సెక్షన్ అంటోంది. చెప్పి, నువ్వు వినకపోతే మాత్రం నీ కేసు బలహీనం. వెంట్ పైపు అతని పనే, అక్కడ వాదన లేదు.

మైపాడు రోడ్డు

మేము చెన్నైలో కొని లారీలో తెప్పించుకున్నాం, అక్కడి మనుషులే వచ్చి బిగించారు. బిల్లు కింద "చెన్నై కోర్టుల పరిధికి లోబడి" అని ఉంది. ఇంకోచోట ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని కూడా ఉంది. చెన్నై చుట్టూ తిరగాలా?

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

అక్కర్లేదు. 2019 చట్టంలో వినియోగదారుడు ఉండే చోట గానీ పనిచేసే చోట గానీ ఫిర్యాదు వేయొచ్చు. పాత చట్టంలో ఈ వీలు లేదు. నెల్లూరులోనే వేయండి. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళకూడదని లేదని సుప్రీంకోర్టు 2018లోనే స్థిరపరిచింది.

మైపాడు రోడ్డు

థాంక్యూ సార్. సముద్రం గాలికి అవుట్‌డోర్ కాయిల్ రెండేళ్ళకే పచ్చగా తుప్పు పట్టింది. దానికీ కేసు వేయొచ్చా?

చల్లగాలి మెకానిక్ (ఒంగోలు)

అది ఉప్పుగాలి. కొత్తపట్నం, మైపాడు వైపు ప్రతి అవుట్‌డోర్‌కీ ఇదే బాధ. పూత పూసిన కాయిల్ అని చెప్పి మామూలుది అంటగడితే అడగండి. ఏమీ చెప్పకుండా అమ్మితే కేసు మీద ఆశ పెట్టుకోకండి, నెలకోసారి మంచినీళ్ళతో కడుక్కోండి.

స్టోన్‌హౌస్‌పేట బాబాయ్

ఇక్కడ లాయర్ గారు ఫీజు తీసుకోకుండా చెబుతున్నారు గానీ, నా మేనల్లుడు లాడ్జి గదుల ఏసీల మీద కేసు వేస్తే "వాణిజ్య ప్రయోజనం" అని కొట్టేశారు. అది కూడా చెప్పండి మరి.

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

నిజమే బాబాయ్ గారూ. లాభం కోసం నడిపే వ్యాపారానికి కొన్న వస్తువులకి ఈ చట్టం వర్తించదు. బతుకుదెరువు కోసం స్వయంగా నడుపుకునే చిన్న పనికి మాత్రం మినహాయింపు ఉంది. అలాంటివాళ్ళు సివిల్ కోర్టుకి వెళ్ళాలి, గడువు మూడేళ్ళు, కోర్టు ఫీజు ఉంటుంది. కొత్తిల్లు మేడమ్‌ది సొంత కాపురం, ఆ చిక్కు లేదు. పై అంతస్తు ఎవరికైనా పీజీ హాస్టలుగా ఇచ్చారా?

వేదాయపాళెం కొత్తిల్లు

లేదు సార్. మా అత్తగారూ మామగారూ ఉంటారు. ఇంకా కేసు వేయకుండా ముందు చేయగలిగింది ఏమైనా ఉందా?

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. వాళ్ళు తీర్పు చెప్పరు, కంపెనీకి పంపించి జవాబు రాబడతారు. కంపెనీలు దీనికి బాగానే కదులుతాయి, ఊరి డీలర్ అంతగా పట్టించుకోడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసుకి ముందే రాజీకి దరఖాస్తు పెట్టొచ్చు. మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. కేసు ఇల్లాలి పేరున వేయొచ్చా అని అడుగుతారేమో, బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళు వేయడం మేలు.

తర్వాత నోటీసు. చట్టం తప్పనిసరి చేయలేదు, అయినా ఇవ్వండి. తెలుగులోనే రాయండి, 15 రోజులు గడువివ్వండి. ఒకటి గుర్తుంచుకోండి: ఫిర్యాదు వేయడానికి రెండేళ్ళే గడువు. "రేపు వస్తాం, ఎల్లుండి వస్తాం" అని డీలర్ తిప్పిన కాలం దానంతటదే అందులోంచి తీసెయ్యరు, నోటీసిచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యానికి కారణం చూపించి మన్నించమని అడగొచ్చు గానీ, ఆ గండం దాకా తెచ్చుకోవడం ఎందుకు?

ట్రంకు రోడ్డు సేల్స్

మేడమ్, ఒక సలహా, షాపు వైపు నుంచే. నోటీసు కాపీ కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి కూడా పంపండి. డీలర్‌షిప్ రెన్యువల్ అప్పుడు పెండింగ్ ఫిర్యాదులు చూస్తారు. మా ఓనర్లు కోర్టుకన్నా దానికే ఎక్కువ భయపడతారు.

వేదాయపాళెం కొత్తిల్లు

1915లో ఫిర్యాదు పెట్టాక కంపెనీ నుంచి ఒక మేనేజర్ ఫోన్ చేశారు. డక్టబుల్ యూనిట్‌కి వాళ్ళ ఖర్చుతో డ్రైన్ మార్పిస్తామన్నారు, స్ప్లిట్ల పైపింగ్ సంగతి మాత్రం డీలర్‌తోనే తేల్చుకోమన్నారు. ఇంజినీరు రిపోర్టు వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దని చెప్పాను. ఫిర్యాదు ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి: "స్ప్లిట్ ఏసీల పైపింగ్ తీసి కొత్తగా వేయాలి, డక్టబుల్ యూనిట్ సరిచేయాలి. సీలింగ్, టీవీ యూనిట్ మరమ్మతు ఖర్చు, మానసిక వేదనకి పరిహారం, కేసు ఖర్చులు ఇప్పించాలి."

నల్లకోటు (ఒంగోలు, లాయర్‌పేట)

బాగుంది. నాలుగు మార్పులు చేయండి. "సరిచేయాలి" దగ్గర గడువు పెట్టండి, ఆ లోపు చేయకపోతే ప్రత్యామ్నాయంగా చెల్లించిన మొత్తం వడ్డీతో తిరిగిప్పించాలని చేర్చండి. అలా అడగకపోతే వాళ్ళు మళ్ళీ అదే కుర్రాణ్ణి పంపి పైపైన చేసి "ఆదేశం పాటించాం" అంటారు. రెండోది, ముగ్గురూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులని రాయండి, అప్పుడు ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్ళ దగ్గర వసూలవుతుంది. సీలింగ్ మొత్తానికి కార్పెంటర్ ఇచ్చిన లెక్క కాగితం జతచేయండి, నోటిమాట అంకె వద్దు. 60,000 బాకీ మీరే ముందుగా చెప్పి, పరిహారంలో సర్దుబాటు చేయమని అడగండి. అవతలివాళ్ళు ఎలాగూ ఎత్తుతారు.

వేదాయపాళెం కొత్తిల్లు

మార్చేశాను సార్. ఇంజినీరు శనివారం పొద్దున వస్తానన్నారు. ముగ్గురికీ మెయిల్ వెళ్ళింది. డీలర్ చదివినట్టు టిక్కు కూడా పడింది, జవాబు లేదు.

చల్లగాలి మెకానిక్ (ఒంగోలు)

శనివారం ఆయన రాగానే మిషన్ కనీసం అరగంట నడిపి, అప్పుడు కొలతలు తీయించండి. ఆపినప్పుడు డ్రైన్‌లో నీళ్ళు ఎలా దిగుతున్నాయో తారీకు కనపడేలా వీడియో తీయండి.